ఒంటరి తల్లి దగ్గర పెరిగే పిల్లలు వెనకబడతారంటారు. నిజమేనా? ఎందుకని?

నీలిగోరింట:

అందరికీ నమస్కారం. మా విడాకులు ఖాయమయ్యాయి. బాబు ఆరో తరగతి, నా దగ్గరే ఉంటున్నాడు. వాళ్ల నాన్న ఆదివారాలు వచ్చి తీసుకెళ్తారు. ఆయన చెడ్డ మనిషి కాదు. తాగడం, చెయ్యి చేసుకోవడం లాంటివి మా ఇంట్లో ఎప్పుడూ లేవు. ఇద్దరికీ పొసగలేదు, అంతే. గొంతు పెంచి పోట్లాడుకున్నది కూడా తక్కువే.

ఇద్దరి జీతాలతో నడిచిన ఇంటిని నా ఒక్కదాని జీతంతో నెట్టుకురాలేక చిన్న ఇంటికి మారాను. దాంతో వాడి బడి కూడా సంవత్సరం మధ్యలో మారింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. అప్పటిదాకా వాడు తాళం తీసుకుని ఒక్కడే ఉంటాడు. ఈసారి లెక్కల్లో మార్కులు బాగా తగ్గాయి. పేరెంట్స్ మీటింగులో టీచరు ప్రోగ్రెస్ కార్డు నా ముందు పెట్టి, "ఇంటి పరిస్థితులు అలా ఉన్నప్పుడు పిల్లల మీద పడుతుంది కదండీ" అన్నారు. ఆవిడ దయగానే అన్నారు. అందుకే ఇంకా ఎక్కువ గుచ్చుకుంది.

అప్పటినుంచి వాడు పడుకున్నాక కూర్చుని చదువుతున్నాను. ఇలాంటి పిల్లలు సగటున చదువు మధ్యలో ఆపేయడం ఎక్కువ, పెద్దయ్యాక సంపాదన తక్కువ అని చాలామంది రాశారు. ఆ తేడా దేనివల్ల వస్తుందన్న దగ్గర మాత్రం ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. ఇంట్లో నాన్న లేకపోవడం వల్లా? డబ్బు తగ్గడం వల్లా? విడిపోయే ఇళ్లలో ముందునుంచే వేరే కష్టాలు ఉండటం వల్లా? నాన్నని తిరిగి తెచ్చి ఇంట్లో పెట్టడం నావల్ల కాదు. మిగతావాటిలో నా చేతిలో ఉన్నది ఏదైనా ఉంటే చేస్తాను. ధైర్యం చెప్పేవాళ్లు నాకు చాలామంది ఉన్నారు. ఇక్కడ తెలిసినవాళ్లు విషయం చెప్పండి.

చాక్‌పీస్:

నీలిగోరింట గారూ, సరిగ్గా మీ ప్రశ్నకే జవాబు వెతికినవాళ్లు ఉన్నారు. నేను డిగ్రీ విద్యార్థులకి ఆర్థికశాస్త్రం చెబుతాను. ఈ పాఠం వచ్చినప్పుడల్లా క్లాసులో ఒకరిద్దరు తల వంచుకుని కూర్చుంటారు. వాళ్ల ఇళ్ల సంగతి నాకు తెలియదు గానీ, వాళ్ల కోసమే దీన్ని జాగ్రత్తగా చెప్పడం అలవాటు చేసుకున్నాను.

సారా మెక్‌లానహన్, గ్యారీ శాండెఫర్ అనే ఇద్దరు సోషియాలజిస్టులు అమెరికాలోని నాలుగు పెద్ద సర్వేలను పోల్చి 1994లో ఫలితాలు ప్రచురించారు. తేడా ఉన్నమాట నిజమే. తల్లీ తండ్రీ ఇద్దరి దగ్గరా పెరిగినవాళ్లతో పోలిస్తే ఒక్కరి దగ్గర పెరిగినవాళ్లు హైస్కూలు మధ్యలో మానేసే అవకాశం సుమారు రెట్టింపు. అలాగని సగటుని మీ అబ్బాయి జాతకం అనుకోకండి, ఒక్కరి దగ్గర పెరిగినవాళ్లలో కూడా ఎక్కువమంది చదువు పూర్తిచేసినవాళ్లే. ఇక ఆ తేడా ఎక్కడిదని వెతికితే, అందులో దాదాపు సగానికి కారణం ఆదాయం పడిపోవడమే అని తేలింది. మిగిలినదాంట్లో చాలా భాగం పెద్దవాళ్ల సమయం, కనిపెట్టుకుని ఉండటం తగ్గినందువల్ల, ఇళ్లు మారడంతో బడి, ఇరుగుపొరుగు, స్నేహాలు తెగిపోయినందువల్ల వచ్చినది.

ఇప్పుడు మీరు రాసింది మీరే ఇంకోసారి చదవండి. ఇల్లు చిన్నదైంది. బడి మధ్యలో మారింది. సాయంత్రం ఒక్కడే ఉంటున్నాడు. "నాన్న లేని ఇల్లు" అనే ముద్ర కింద ఈ మూడూ కలిసిపోయి ఉన్నాయి. విడదీసి చూస్తే వీటిలో రెండైనా సరిచెయ్యగలిగినవే. కొత్త బడిలో లెక్కల పాఠాలు పాత బడి వరసలోనే జరిగాయా, మధ్యలో ఏ అధ్యాయమైనా వాడికి పూర్తిగా తప్పిపోయిందా అన్నది ముందు కనుక్కోండి. భిన్నాలు చెప్పని బడి నుంచి భిన్నాలు అయిపోయిన బడికి వచ్చిన పిల్లవాడికి మార్కులు తగ్గడానికి విడాకులతో పనిలేదు.

ఇక్కడితో ఆపొచ్చు. కానీ నా బాధ ఇంకోటి ఉంది, అదీ చెప్పనివ్వండి. 1960లో అమెరికాలో పుట్టిన పిల్లల్లో పెళ్లికాని తల్లులకి పుట్టినవాళ్లు సుమారు 5 శాతం. ఇప్పుడు దాదాపు 40 శాతం. ఈ మార్పు అన్ని ఇళ్లకీ ఒకేలా రాలేదు. డిగ్రీ దాకా చదివినవాళ్లు ఆలస్యంగా పెళ్లి చేసుకుంటారు, ఉద్యోగంలో కుదురుకున్నాక పిల్లల్ని కంటారు, ఎక్కువగా కలిసే ఉంటారు. చదువు, స్థిరమైన పని అందనివాళ్ల ఇళ్లలోనే బంధాలు తొందరగా తెగుతున్నాయి. పిల్లల భవిష్యత్తులు ఇలా రెండు దారులుగా చీలిపోతున్నాయని 2004లో మెక్‌లానహనే హెచ్చరించారు. పైగా చదువుకున్నవాళ్లు చదువుకున్నవాళ్లనే చేసుకుంటున్నారు. ఒక పిల్లకి రెండు మంచి జీతాలు, ఇంకో పిల్లకి ఒక చిన్న జీతం.

జీతం దగ్గర కూడా ఆగదు. గుర్యాన్, హర్స్ట్, కర్నీ అనే ఆర్థికవేత్తలు 2008లో తల్లుల రోజువారీ సమయం లెక్కలు తీశారు. డిగ్రీ ఉన్న తల్లులు బయట ఎక్కువ గంటలు పనిచేస్తూ కూడా, హైస్కూలుతో ఆగిన తల్లులకంటే వారానికి సుమారు నాలుగున్నర గంటలు ఎక్కువగా పిల్లల పనిలో గడుపుతున్నారు. వాళ్లకి ప్రేమ ఎక్కువని నేననుకోను. సెలవు అడగగలిగే ఉద్యోగం, ఇంటిపనికి సాయం పెట్టుకోగల స్తోమత వాళ్లకే ఉన్నాయి. మీ టీచరు గారు "ఇంటి పరిస్థితులు" అన్నారే, ఆ పరిస్థితుల్లో మీ ఆఫీసు వేళలు కూడా ఒక భాగం. వాటి గురించి ఏ ప్రోగ్రెస్ కార్డూ ప్రశ్నించదు.

రెండుగదులు:

అక్కా, నేను అంకెలు చెప్పలేను. చూసింది చెబుతాను.

నేను నాలుగో తరగతిలో ఉండగా మా నాన్న పోయారు. సుమారుగా అదే సమయంలో మా పిన్ని, బాబాయి విడిపోయారు. అంటే నేనూ మా చెల్లీ (పిన్ని కూతురు) ఇద్దరం అమ్మ చేతిమీదే పెరిగాం. మా అమ్మకి నాన్న పెన్షన్ నెల తప్పకుండా వచ్చేది. పెదనాన్న బడి తెరిచే రోజుల్లో వచ్చి నా పుస్తకాలకి అట్టలు వేసి వెళ్లేవారు. నానమ్మ సగం రోజులు మా ఇంట్లోనే. బళ్లో అందరూ నన్ను జాలిగా చూసేవాళ్లు, ఎక్కడ తగ్గినా పిలిచి నేర్పేవాళ్లు. మా చెల్లికి ఇవేవీ లేవు. వాళ్ల నాన్న కొన్నాళ్లు డబ్బు పంపి మానేశారు. ఆయన వైపు తాత, మామ్మ, అత్తలు అందరూ ఒక్కసారిగా మాయమైపోయారు. బళ్లో దానిమీద జాలి లేదు, గుసగుసలు ఉండేవి.

ఇద్దరిళ్లలోనూ నాన్న లేరు. నేను ఇంజనీరింగు పూర్తిచేశాను. అది నాకంటే తెలివైనది, ఇంటర్ తర్వాత ఆపేసి పనిలో చేరింది. మీ బాబు నానమ్మ, తాతయ్య వైపు దారి మూసెయ్యకండి అక్కా. మీకు వాళ్లతో మాటలు లేకపోయినా వాడికి ఉండనివ్వండి.

నిలకడ:

అందరూ డబ్బు, సమయం అంటున్నారు. కాదనను. కానీ పెళ్లి ఉన్నా లేకపోయినా ఒకటే, కాస్త సాయం అందితే చాలు అన్నట్టు మాట పోతోంది. దానికి నేను ఒప్పుకోలేను.

నాకు ఇద్దరు పిల్లలు. రాత్రి రెండింటికి చిన్నది వాంతి చేసుకుంటే ఒకరం ఎత్తుకోవాలి, ఒకరం పక్క మార్చాలి. మర్నాడు పొద్దున్న ఒకరం సెలవు పెట్టాలి. పెద్దవాడు అబద్ధం చెప్పినప్పుడు నాకు కోపం ముంచుకొస్తే మా ఆవిడ ఆపుతుంది, ఆవిడ విసిగిపోయిన రోజు నేను నిలబడతాను. ఇది నెలకింత అని పంపే డబ్బుతో వచ్చేది కాదు. పెళ్లి చేసుకోకుండా కలిసి ఉంటూ పిల్లల్ని కన్న జంటలు, పెళ్లయినవాళ్లకంటే ఎక్కువగా విడిపోతున్నారు. ఆ పద్ధతికి బాగా అలవాటుపడిన యూరప్ దేశాల్లో కూడా అంతే. 2014లో ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం అమెరికాలో ఏ ప్రాంతాల పిల్లలు పేదరికం నుంచి పైకి వస్తున్నారో చూసింది. వాళ్లు పరిశీలించిన అంశాల్లో అన్నిటికంటే గట్టిగా ముడిపడి కనిపించింది ఒంటరి తల్లులున్న కుటుంబాల శాతమే. అలాంటి కుటుంబాలు ఎక్కువున్న చోట, అమ్మానాన్నలు కలిసే ఉన్న పిల్లలు కూడా తక్కువగానే పైకి వస్తున్నారు. ఇది ఒక్క ఇంటి సంగతి కాదని నేను చెప్పేది అందుకే.

నీలిగోరింట గారిని నొప్పించాలని కాదు. ఆవిడ నిర్ణయం ఆవిడది. కలిసుండటం విలువైనదని చెప్పడానికి మాత్రం మనం జంకకూడదు.

చాక్‌పీస్:

నిలకడ గారూ, రాత్రి రెండు గంటల సంగతి మీరు చెప్పినట్టే ఉంటుంది. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుండటం పిల్లలకి బలమే. చెట్టి అధ్యయనం గురించి మీరు చెప్పిందీ సరైనదే. కానీ మీరు చెప్పిన రెండో సగం జాగ్రత్తగా చూడండి. కలిసే ఉన్న అమ్మానాన్నల పిల్లలు కూడా వెనకబడుతున్నారంటే, ఆ ప్రాంతంలో ఇంకేవో లేవన్నమాట. పని, మంచి బడి, నమ్మకంగా బతకగలిగే వీధి. అవి లేనిచోట పెళ్లిళ్లు కూడా నిలవవు.

కలిసుండమని చెబితే కలిసుంటారా అన్నది పరీక్షించి కూడా చూశారు. అప్పుడే బిడ్డ పుట్టిన, లేదా పుట్టబోతున్న పెళ్లికాని జంటలను సుమారు 5,000 తీసుకుని, అమెరికాలో ఎనిమిది చోట్ల సగం మందికి దాంపత్య నైపుణ్యాల తరగతులు పెట్టారు. మూడేళ్లయ్యాక చూస్తే తరగతులకి ఎంపికైనవాళ్లూ కానివాళ్లూ ఒకే తీరుగా విడిపోయారు. అలాగని ఇలాంటి జంటలకి కలిసుండాలని లేక కాదు. 1998, 2000 మధ్య 20 పెద్ద నగరాల్లో పుట్టిన దాదాపు 4,900 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి అనుసరించిన అధ్యయనం ఒకటుంది. అందులో బిడ్డ పుట్టినప్పుడు పెళ్లికాని జంటల్లో అత్యధికులు ప్రేమగానే ఉన్నారు, పెళ్లి చేసుకుంటామనే అన్నారు. బిడ్డకి ఐదేళ్లు వచ్చేసరికి కలిసున్నవాళ్లు మూడోవంతు. వచ్చేవారం పని ఉంటుందో లేదో తెలియని ఇంట్లో ప్రేమని నిలబెట్టుకోవడం ఎంత కష్టమో ఆ తరగతులు పెట్టినవాళ్లు ఊహించి ఉండరు.

జపాన్ సంగతి చూడండి. పెళ్లికి బయట పుట్టే పిల్లలు అక్కడ 2 శాతం చుట్టుపక్కలే. ఒంటరి తల్లుల్లో 80 శాతానికి పైగా ఉద్యోగాలు చేస్తున్నారు. మీరు కోరే కట్టుబాటూ ఉంది, కష్టపడే గుణమూ ఉంది. అయినా ఒక్కరే పెంచుతున్న కుటుంబాల్లో దాదాపు సగం పేదరికంలో ఉన్నాయి. ఎక్కువమందివి తక్కువ జీతపు తాత్కాలిక ఉద్యోగాలు కావడం ఒక కారణం. విడిపోయిన తండ్రి నుంచి పిల్లల ఖర్చు అందుతున్నది మూడోవంతు తల్లులకైనా కాకపోవడం ఇంకో కారణం. స్వీడన్, నార్వేల్లో సగానికి పైగా పిల్లలు పెళ్లికి బయటే పుడుతున్నారు. అక్కడ బిడ్డతో ఉండని తల్లిగానీ తండ్రిగానీ డబ్బు కట్టకపోతే ప్రభుత్వం ముందు బిడ్డకి ఇచ్చేసి, తర్వాత ఎగవేసినవాళ్ల దగ్గర వసూలు చేస్తుంది. కోర్టు చుట్టూ తల్లి తిరగనక్కర్లేదు.

2021లో అమెరికా ఇంకో పని చేసింది. ఆరేళ్లలోపు బిడ్డకి ఏడాదికి 3,600 డాలర్లు, అంతకంటే పెద్ద పిల్లలకి 3,000 డాలర్ల దాకా ఇచ్చింది. తల్లికి పెళ్లయిందా, ఉద్యోగం ఉందా అని అడగలేదు. ప్రభుత్వ సాయాన్ని కూడా కలిపి లెక్కేసే కొలతలో ఆ ఏడాది పిల్లల పేదరికం 5.2 శాతానికి దిగింది. పథకం ఆపేశాక 2022లో 12.4 శాతానికి పోయింది. కరోనా కాలపు వేరే సాయాలు ఆగడం కూడా అందులో ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ ఒక్క ఏడాదిలో దేశంలోని కుటుంబాల తీరు ఏమీ మారిపోలేదు కదా. మీరు కోరే నిలకడ నేనూ కోరేదే. పేద ఇంటికి ముందు బతుకులో కొంత నిలకడ ఇచ్చి, ఆ తర్వాత బంధంలో నిలకడ అడుగుదాం అంటున్నాను.

పాతఫైలు:

అమ్మా నీలిగోరింటా, నేను కుటుంబ న్యాయస్థానంలో కౌన్సెలర్‌గా చేసి రిటైరయ్యాను. పైన వాదన బాగుంది, కానీ మీ అబ్బాయి గురించి ఒక మాట ఎవరూ అనలేదు.

మీరు "గొంతు పెంచి పోట్లాడుకున్నది తక్కువే" అని రాశారు. అది మంచిదే అనుకుంటాం. పాల్ అమాటో అనే సోషియాలజిస్టు, ఆయన సహచరులు 1980 నుంచి 1992 దాకా ఒకే కుటుంబాలను వెంబడించి చూశారు. తీవ్రమైన గొడవలున్న ఇళ్లలో విడాకులు జరిగాక పిల్లలు పెద్దయ్యేసరికి బాగుపడ్డారు. కలిసే ఉండి కొట్టుకున్న ఇళ్ల పిల్లలకంటే బాగున్నారు. గొడవలు కనిపించని ఇళ్లలో విడాకులు జరిగినప్పుడే పిల్లలు ఎక్కువ దెబ్బతిన్నారు. నా గదిలో నేను చూసింది కూడా ఇదే. రోజూ అరుపులు విన్న పిల్లవాడు "హమ్మయ్య" అనేవాడు. ఏమీ వినని పిల్లవాడికి నేల కదిలిపోయేది. కారణం కనపడదు కాబట్టి తనే కారణం అనుకునేవాడు. నేను మార్కులు తక్కువ తెచ్చుకున్నందుకేనా అని అడిగిన పిల్లలున్నారు. నా సైకిలు ఎవరింట్లో ఉంటుంది, ఆదివారం వర్షం పడితే నాన్న వస్తారా, ఇవి వాళ్ల ప్రశ్నలు. పెద్దవాళ్లం మనం వేరే ప్రశ్నలకి జవాబులు సిద్ధం చేసుకుని కూర్చుంటాం.

మీరిద్దరూ కలిసి, ఒకే గదిలో కూర్చుని వాడికి చెప్పారా? చెప్పకపోతే ఇప్పుడైనా చెప్పండి. ఎవరి తప్పూ ఎత్తొద్దు. నీవల్ల కాదు అన్న మాట మాత్రం ఇద్దరి నోటినుంచీ విడివిడిగా రావాలి.

నిలకడ గారికి కూడా ఒక మాట. విడాకులు సులభం కావడాన్ని పాడుకాలం అని కొట్టిపారెయ్యకండి. 1970 తర్వాత అమెరికాలో ఒక్కో రాష్ట్రం, ఒకరు కోరినా విడాకులిచ్చే చట్టాలు తెచ్చుకుంది. ఆ రాష్ట్రాల్లో ఆడవాళ్ల ఆత్మహత్యలు, గృహహింస తగ్గాయని స్టీవెన్‌సన్, వోల్ఫర్స్ అనే ఆర్థికవేత్తలు 2006లో చూపించారు. ఆ తల్లుల పిల్లల్ని కూడా మన లెక్కలో వెయ్యాలి.

నీలిగోరింట:

అందరికీ కృతజ్ఞతలు. నిలకడ గారూ, మీ మాటకి నేను నొచ్చుకోలేదు. రాత్రి రెండు గంటల సంగతి ఇప్పుడు నాకంటే ఎవరికి బాగా తెలుస్తుంది.

చాక్‌పీస్ గారు చెప్పినట్టు బడికి వెళ్లి పాఠాల వరస అడిగాను. పాత బడిలో రెండో టర్ముకి పెట్టుకున్న రెండు అధ్యాయాలు ఇక్కడ మొదటి టర్ములోనే అయిపోయాయట. వాడికి అవి ఎవరూ చెప్పనే లేదు. టీచరు కూడా ఆశ్చర్యపోయారు. బడి అయ్యాక కొన్నాళ్లు కూర్చోబెట్టి చెబుతామన్నారు. నన్ను ఏడిపించిన మార్కులకి ఇంత చిన్న కారణం కూడా ఉందని తెలిసి ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను.

వాళ్ల నాన్నతో మాట్లాడాను. ఆయనకి పొద్దుటి షిఫ్టు కాబట్టి ఆదివారంతో పాటు వారంలో రెండు సాయంత్రాలు మా ఇంటికే వచ్చి వాడితో కూర్చుంటానన్నారు. ఇద్దరం కలిసి వాడికి చెప్పడం మాత్రం ఇంకా కాలేదు. ఈ ఆదివారం అనుకున్నాం. నానమ్మగారికి ఫోన్ చేయించాను, చాలాసేపు మాట్లాడుకున్నారు.

పాతఫైలు గారూ, ఒక్క సందేహం. మా ఒప్పందంలో నెలకింత అని మాత్రమే రాసుకున్నాం. ఇప్పుడు మా మధ్య మంచి మాటలు నడుస్తున్నాయి కదా, కాగితం మళ్లీ తియ్యడం అవసరమా? అడిగితే అనుమానించినట్టు ఉంటుందేమో అనిపిస్తోంది.

పాతఫైలు:

మంచి మాటలు నడుస్తున్నప్పుడే తియ్యాలమ్మా. చెడ్డాక ఎవరూ సంతకం పెట్టరు.

నెలకింత అన్న అంకె ఏటా ఎంత పెరుగుతుందో రాసుకోండి, లేకపోతే వాడు కాలేజీకి వచ్చేనాటికి అది ఎందుకూ చాలదు. బడి ఫీజు, పుస్తకాలు, వైద్యం నెలసరి డబ్బులో కలపకుండా ఎవరి వాటా ఎంతో విడిగా పెట్టండి. పద్దెనిమిదేళ్లకి ఆపెయ్యకుండా పై చదువు పూర్తయ్యేదాకా అని రాయించండి. చాలా ఒప్పందాలు సరిగ్గా చదువు ఖరీదయ్యే వయసులోనే ముగిసిపోవడం నేను చూశాను. అక్కడే ఆడపిల్లల చదువులు ఎక్కువగా ఆగేవి. డబ్బు బ్యాంకు ద్వారానే రావాలి. ఇద్దరిలో ఎవరు ఊరు మారినా, ఉద్యోగం మారినా ముందే చెప్పాలన్న షరతు కూడా పెట్టుకోండి, వాడికి ఇంకోసారి బడి మధ్యలో మారకుండా ఉంటుంది.

ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్నది కోర్టులో దాఖలు చేస్తేనే దానికి బలం. మీ వకీలుని అడగండి, ఇద్దరి అంగీకారంతో చేసే మార్పుకి పెద్దగా తిరగాల్సి రాదు.

ఆ రెండు సాయంత్రాలు ఏవో మీరిద్దరే తేల్చెయ్యకండి. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక, తనకి సంబంధించిన విషయాల్లో బిడ్డ మాట వినాలంటుంది. ఆరో తరగతి పిల్లవాడికి ఆ మాత్రం చెప్పడం వచ్చు. వాడు ఆటకి వెళ్లే రోజున లెక్కల పుస్తకం పట్టుకుని నాన్న వస్తే ఇద్దరికీ విసుగు.